సిమిలిగుడ చలికి విశాఖ టైమ్‌టేబుల్ పనికిరాదు

అమ్మా, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. నాకు అర్థమైనంతలో నీ బాధ ఇది. ఒడిశాలో మన కోరాపుట్ జిల్లా సిమిలిగుడలో ప్లస్ టూ సైన్స్ రెండో సంవత్సరం. జనవరి చివర్లో జేఈఈ మెయిన్, ఫిబ్రవరిలో బోర్డు పరీక్షలు. దసరా దాకా బాగానే చదివావు. కార్తీకం వెళ్ళేసరికి పొద్దున్నే దుప్పటి లోంచి చెయ్యి బయటపెట్టాలనిపించడం లేదు. విశాఖలో హాస్టల్లో ఉన్న మీ పిన్ని కూతురు రోజూ నాలుగింటికే లేచి చదువుతోంది. ఆ పిల్ల పంపిన టైమ్‌టేబుల్ గోడకు అంటించుకున్నావు. మూడు వారాల్లో నాలుగు రోజులు మాత్రమే లేవగలిగావు. "మోటివేషన్ పోయింది మాస్టారూ, ఎలా తెచ్చుకోవాలి?" అన్నావు.

నేను పుట్టింది పర్లాకిమిడిలో. ఇరవై ఏడేళ్ళుగా కోరాపుట్‌లో లెక్కలు చెబుతున్నాను. ఏటా డిసెంబరు మొదటి వారంలో ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతారు, తెలుగులోనో ఒడియాలోనో. అందరూ వాడే మాట "బద్ధకం". నువ్వు ఇంగ్లీషు ముక్క వాడావు, అంతే తేడా. ఆ నాలుగు రోజులూ లేచి ఏం చదివావో నువ్వు రాయలేదు. నేను చెప్పనా? కళ్ళు మండుతూ ఒకే పేజీ మూడుసార్లు తిప్పి ఉంటావు, ఆరున్నరకు మళ్ళీ ముసుగు తన్ని ఉంటావు.

ముందు ఆ గోడ మీది కాగితం తీసెయ్. అది విశాఖది. విశాఖలో డిసెంబరులో కూడా కొందరు ఫ్యాన్ వేసుకుని పడుకుంటారు. మనం ఉన్నది కొండ మీద. కోరాపుట్ సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తులో ఉంది. మీ సిమిలిగుడ, అవతల పొట్టంగి వైపు ఇంకా చలి. అక్కడ పది డిగ్రీల కిందకు దిగడం ఏటా చూసేదే. దేవమాలి మీ పక్కనే ఉంది కదా, 1672 మీటర్లు, ఒడిశాలో అంతకంటే ఎత్తైన కొండ లేదు. హాస్టల్లో అరవై మంది ఒకేసారి లేస్తారు, లైట్లు వేస్తారు, వార్డెన్ తలుపు కొడతాడు. మీ ఇంట్లో ఆ వేళకు నువ్వొక్కదానివే లేవాలి, చుట్టూ కటిక చీకటి, పొగమంచు. ఆ పిల్లతో పోల్చుకుని నిన్ను నువ్వు తిట్టుకోవడం అన్యాయం.

నాలుగు గంటల సంగతి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే మన ఇళ్ళల్లో ఈ నమ్మకం చాలా గట్టిది. తెల్లవారుజామున చదివింది బుర్రకెక్కుతుందని మా నాన్నగారూ అనేవారు. ఆయన చెప్పిన కాలం వేరు, రాత్రి ఎనిమిదింటికి లాంతరు తగ్గించి పడుకునేవారు. నాలుగింటికి లేస్తే ఎనిమిది గంటల నిద్ర అయిపోయేది. నువ్వు పడుకునేది పదకొండుకి. అయిదు గంటల నిద్రతో లేచి బ్రాహ్మీ ముహూర్తం అనుకుంటే ఆ ముహూర్తానికే చెడ్డపేరు.

ఇంకోటి చూడు. మన గడియారానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం దాదాపు జయపురం మీదుగానే పోతుంది. అందుకని మన దగ్గర గడియారం, సూర్యుడు పెద్దగా తేడా లేకుండా నడుస్తాయి. జూన్‌లో ఇక్కడ సూర్యోదయం ఐదున్నర లోపే. ఇప్పుడు ఆరుంబావు. డిసెంబరు 22 తర్వాత పగలు పెరగడం మొదలవుతుంది కానీ ఆ పెరిగేది ముందు సాయంత్రం వైపే. సూర్యోదయం మాత్రం సంక్రాంతి దాకా ఇంకా వెనక్కే జరుగుతూ ఆరున్నర దాటుతుంది. అంటే జూన్‌లో నాలుగింటికి లేచినవాడు గంటన్నరలోపు వెలుగు చూస్తాడు. జనవరిలో అదే నాలుగింటికి లేచినవాడు రెండున్నర గంటలు చీకట్లో కూర్చోవాలి.

ఒంటికి గోడ మీది గడియారం తెలియదు. వెలుగే తెలుసు. పొద్దున కంట్లో వెలుగు పడ్డాకే నిద్ర తెప్పించే మెలటోనిన్ సరిగ్గా తగ్గుముఖం పడుతుంది. పైగా మనం మామూలుగా లేచే వేళకు రెండు మూడు గంటల ముందు ఒంటి వేడి బాగా తగ్గి ఉంటుంది. పదహారు, పదిహేడేళ్ళ వయసులో ఈ గడియారం పెద్దవాళ్ళకంటే కాస్త ఆలస్యంగా నడుస్తుంది కూడా. ఏడింటికి లేచే పిల్లకు నాలుగు, నాలుగున్నర అంటే సరిగ్గా ఒళ్ళు చల్లారి, బుర్ర మొద్దుబారి ఉండే సమయం. దానికి పైనుంచి కొండ చలి. ఆ వేళ ఇంటిగ్రేషన్ చెయ్యమంటే నేనూ చెయ్యలేను.

నీ పరీక్షలు ఏ వేళకో చూశావా? ప్లస్ టూ పేపరు పదింటికి మొదలై ఒంటిగంటకు అయిపోతుంది. జేఈఈ అయితే తొమ్మిది నుంచి పన్నెండు, లేకపోతే మూడు నుంచి ఆరు. నాలుగింటికి ఎవడూ పరీక్ష పెట్టడం లేదు. పదింటికి బుర్ర చురుగ్గా ఉండాలి, మీ పిన్ని కూతురికి పదింటికి ఆవలింతలు వస్తుంటాయి, కావాలంటే అడుగు.

కాబట్టి నేను చెప్పేది ఒక్కటే: చదువుని ఎండలోకి తీసుకురా. ఈ రెండు నెలలూ నీ గట్టి పని, అంటే బుర్ర పెట్టి చెయ్యాల్సిన లెక్కలు, ఫిజిక్స్, సూర్యుడు వచ్చాక చెయ్.

ఎలాగంటే, ఆరుంబావు, ఆరున్నరకు లే. లేచిన వెంటనే పుస్తకం ముట్టుకోకు, ఫోనూ ముట్టుకోకు. మంకీ టోపీ పెట్టుకుని బయట వాకిట్లో పది నిమిషాలు నిలబడు. పొగమంచు ఉంటే ఏం లాభం అంటావేమో. ఇంట్లో ట్యూబులైటు కింద రెండు మూడు వందల లక్స్ వెలుగు ఉంటే ఎక్కువ. సూర్యుడు పైకొచ్చాక మంచు పట్టిన ఆరుబయట అయినా వేలల్లో ఉంటుంది. కంటికి తేడా తెలియదు కానీ ఒంటికి తెలుస్తుంది. తర్వాత వేడిగా చోడి అంబలి తాగు. మన పక్క ఊళ్ళలో మండియా పేజ్ అంటారు కదా, అదే. ఏడు నుంచి తొమ్మిది దాకా వీధి అరుగు మీదో, మేడ మీదో వీపుకి ఎండ తగిలేలా కూర్చో. పేజీ మీద నేరుగా ఎండ పడితే కళ్ళు లాగుతాయి, నీ నీడ పుస్తకం మీద పడేలా చూసుకో. కాళ్ళ కింద గోనెసంచి మడిచి వేసుకుని, సాక్సులు తొడుక్కో. పాదాలు చల్లగా ఉంటే ఒళ్ళంతా ముడుచుకుపోతుంది, మనసు దుప్పటి వైపు లాగుతుంది. దుప్పటి కావాలంటే భుజాల మీద కప్పుకో, ఫరవాలేదు. మంచం మీద మాత్రం వద్దు. మంచం మీద చదువుతాననే పిల్లల్ని ఇన్నేళ్ళలో వందల మందిని చూశాను. పదో నిమిషానికి పుస్తకం వాళ్ళని చదువుతూ ఉంటుంది.

స్నానం దగ్గర చాలామంది బోల్తా పడతారు. "స్నానం చేసి కూర్చుని చదువు" అని ఇంట్లో అంటారు. ఆ చల్లటి నీళ్ళ భయంతోనే లేవడం వాయిదా పడుతుంది, రాడ్ పెట్టి నీళ్ళు కాగేసరికి అరగంట, తానమాడి వణుకుతూ వచ్చి కూర్చునేసరికి ఎనిమిది. చదువుకీ స్నానానికీ ఉన్న ముడి తీసెయ్యి. ముఖం కడుక్కుని చదువు, తొమ్మిదింటికి స్నానం. మీ అమ్మగారు ఒప్పుకోకపోతే నా పేరు చెప్పు.

లక్ష్మివారాల, అంటే గురువారాల సంగతి వేరు. ఈ మార్గశిరంలో మీ ఇంట్లో కూడా పూజ ఉండే ఉంటుంది. అటు ఒడియావాళ్ళ మాణబసా, ఇటు మన మార్గశిర లక్ష్మివారం, వీధి వీధంతా చీకటితోనే లేచి వాకిళ్ళు అలుకుతుంది. ఆ రోజు అమ్మకి సాయం చెయ్. బియ్యప్పిండి ముగ్గు వెయ్. ఆ ఒక్క రోజు చదువు సాయంత్రానికి జరుపుకో. వారంలో ఒక పొద్దు పోయిందని కొంపలేం మునిగిపోవు. అమ్మ ఒక్కతే చన్నీళ్ళలో చేతులు పెట్టుకుంటుంటే లోపల పుస్తకం ముందు కూర్చున్న పిల్లకి ఎలాగూ ఒక్క ముక్క ఎక్కదు.

సాయంత్రం గురించి కూడా ఒక మాట. ఐదుంబావు దాటగానే పొద్దు గూకుతోంది. ఏడింటికే అర్ధరాత్రిలా ఉంటుంది. మన ఊళ్ళల్లో ఏడున్నరకల్లా అన్నాలు అయిపోతాయి. "తిన్నాక చదువుతాను" అన్న మాట చలికాలంలో నమ్మకు. వేడన్నం, పప్పుచారు పొట్టలో పడ్డాక ఎవరికైనా రెప్పలు వాలతాయి. అందుకే కాలేజీ నుంచి రాగానే వెలుగుండగా ఒక అరగంట నడువు, తర్వాత ఆరు నుంచి ఎనిమిది దాకా రాత పని పెట్టుకో. కెమిస్ట్రీ సమీకరణాలు, డెరివేషన్లు, ఇంగ్లీషు, ఒడియా. చెయ్యి కదులుతుంటే నిద్ర రాదు. ఆ తర్వాతే భోజనం. పదింటికి పడుకో. నీ వయసుకి ఎనిమిది గంటల నిద్ర కావాలి. చదివింది గట్టిపడేది ఆ నిద్రలోనే. నాలుగు తర్వాత టీ మానెయ్. చలని చెప్పి రాత్రి తొమ్మిదింటికి టీ తాగి, పన్నెండుదాకా దొర్లి, పొద్దున లేవలేకపోయి మోటివేషన్ లేదనుకునే వాళ్ళు నా క్లాసులో ఈ ఏడాది కూడా ఇద్దరున్నారు.

లెక్క వేస్తే పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు, మధ్యలో దొరికినంత. కాలేజీ ఉన్న రోజు నాలుగైదు గంటలు మనసుపెట్టి చదివితే చాలు. పద్నాలుగు గంటలు చదివామని చెప్పేవాళ్ళ మాట నేను నమ్మను. పద్నాలుగు గంటలు పుస్తకం దగ్గర కూర్చున్నారంటే నమ్ముతాను.

ఇక అసలు కూర్చోబుద్ధి కావడం లేదన్నావు కదా. దానికి చలితో సంబంధం లేని కారణం ఒకటుంది. నవంబరు దాకా రోజూ కొత్త పాఠం వచ్చేది. కొత్తదంటే ఆసక్తి ఉంటుంది. డిసెంబరులో సిలబస్ అయిపోయి రివిజన్ మొదలవుతుంది. చదివిందే మళ్ళీ చదవడం చద్దన్నం తిన్నట్టు, అందులో ఆవకాయ కూడా లేకుండా. పేజీలు తిప్పుతుంటే "ఇది తెలుసు, ఇదీ తెలుసు" అనిపిస్తుంది, పుస్తకం మూస్తే ఏదీ రాదు. చప్పగా ఉందని మనసు ఎదురు తిరుగుతుంది. ఆ ఎదురు తిరగడాన్నే నువ్వు మోటివేషన్ పోవడం అంటున్నావు.

కాబట్టి చదవడం తగ్గించి, చెయ్యడం మొదలుపెట్టు. పాత ప్రశ్నపత్రాలు తీసుకో. ఆదివారం సరిగ్గా పదింటి నుంచి ఒంటిగంట దాకా ఒక పూర్తి పేపరు రాయి. ఫోను అమ్మ దగ్గర ఉండాలి. ఎక్కడ ఆగిపోయావో అదే సోమవారం పొద్దుట పని. తప్పు దొరికిన చోటుకి వెళ్ళి చదివితే కొత్త పాఠంలాగే ఉంటుంది. నా దగ్గర చదివిన పిల్లల్లో ఫిబ్రవరికి తేరుకున్నవాళ్ళు ఎక్కువమంది ఇలా రాసి తేరుకున్నవాళ్ళే.

ఇంకో చిట్కా ఉంది. నేను నలభై ఏళ్ళ క్రితం అనుకోకుండా కనిపెట్టాను. అప్పుడు రాయగడలో మా పెదనాన్నగారింట్లో ఉండి చదువుకునేవాణ్ణి. ఒక రాత్రి కరెంటు పోయి ఒక లెక్క సగంలో ఆగిపోయింది. రాత్రంతా అదే బుర్రలో తిరిగింది. పొద్దున ముఖం కూడా కడగకుండా వెళ్ళి పూర్తి చేశాను, తర్వాత వరుసగా ఆరు లెక్కలు చేసేశాను. అప్పటినుంచి రాత్రి కావాలనే ఒక లెక్క సగంలో ఆపి, పుస్తకం అలాగే తెరిచి, పెన్ను మధ్యలో పెట్టి పడుకునేవాణ్ణి. పొద్దున కొత్తగా మొదలుపెట్టాలంటేనే కష్టం. నిన్న ఆపినదాన్ని కొనసాగించడం సులువు. చాప్టర్ పూర్తి చేసి పుస్తకం మూసి "అమ్మయ్య" అనుకుని పడుకున్నవాడికి మర్నాడు ఎక్కడ ఎత్తుకోవాలో తెలియదు. నువ్వు లేచేసరికి అరుగు మీద కాగితాలు, పెన్ను, సగం లెక్క సిద్ధంగా ఉండాలి. మంచుకి తడవకుండా లోపల గుమ్మం దగ్గర పెట్టుకో.

ఒక హెచ్చరిక. ఇది అందరూ చదవాలి. నేను ప్లస్ టూ చదివేటప్పుడు ఒక డిసెంబరులో ముగ్గురం అద్దె గదిలో ఉండేవాళ్ళం. చలికి తట్టుకోలేక బొగ్గుల కుంపటి గదిలో పెట్టుకుని, తలుపులూ కిటికీలూ బిగించి చదువుకున్నాం. పొగ లేదు, వాసన లేదు, హాయిగా ఉంది. గంటన్నరకి ఒకడికి తలనొప్పి, ఇంకొకడికి వాంతి. నాకు కాళ్ళు తేలిపోయి లేవలేకపోయాను. ఇంటావిడ ఏదో అడగడానికి తలుపు కొట్టబట్టి ఈ సమాధానం రాస్తున్నాను. నిప్పుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు. రక్తంలో ఆక్సిజన్ ఉండాల్సిన చోట అది కూర్చుంటుంది, నిద్ర వస్తున్నట్టే ఉంటుంది. కుంపటి దగ్గర కాగాలంటే వాకిట్లోనే కాగండి. మూసిన గదిలో కుంపటి, కిరసనాయిలు స్టవ్వు ఏదీ వద్దు.

దీనంతటికీ లొంగని నీరసం కూడా ఉంటుంది. ఇంట్లో అందరికంటే నీకే ఎక్కువ చలి వేస్తోందా? నాలుగు మెట్లెక్కితే ఆయాసమా? గోళ్ళు, కనురెప్పల లోపలి భాగం తెల్లగా పాలిపోయి ఉన్నాయా? అయితే ముందు ఆసుపత్రిలో హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకో. మన జిల్లాల్లో ఆడపిల్లలకి రక్తహీనత మామూలు విషయం. వారానికోసారి ఇచ్చే ఆ నీలం రంగు ఐరన్ మాత్రను కడుపులో తిప్పుతుందని కిటికీలోంచి పారేసే పిల్లలు నాకు తెలుసు. అన్నం తిన్నాక వేసుకుంటే ఆ బాధ తగ్గుతుంది, వేసుకున్నాక గంటసేపు టీ తాగకు. రక్తం తక్కువైనవాళ్ళకి మోటివేషన్ ఉపన్యాసాలు చెప్పడం కంటే దండగ పని లేదు. చలి పెట్టి జ్వరం వచ్చిందా, అది కాలం వల్లే అనుకోకుండా మలేరియా పరీక్ష చేయించుకో. ఇది కోరాపుట్.

పుస్తకమే కాదు, ఇష్టమైన పాట, స్నేహితురాళ్ళు, తిండి, ఏదీ వద్దనిపించి, ఊరికే ఏడుపొచ్చి, అలా రెండు వారాలు దాటితే అది వేరే సంగతి. ఐరోపా, అమెరికా ఉత్తర భాగాల్లో చలికాలపు చీకటి వల్లే వచ్చే దిగులు ఒకటుంది, 1984లో వైద్యులు దానికి పేరు పెట్టి వర్ణించారు. అక్కడ చాలా చోట్ల డిసెంబరులో పగలు తొమ్మిది గంటలైనా ఉండదు. మనకి పదకొండు గంటలుంది కాబట్టి అంతా చీకటి మీదకి తోసెయ్యలేం. ఎందువల్ల వచ్చినా సరే, అమ్మకి చెప్పు. ఇంట్లో చెప్పలేకపోతే 14416కి ఫోన్ చెయ్. మనసు బాగోలేనివాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే టెలి మానస్ అది, డబ్బు పడదు, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు.

చివర్లో సంక్రాంతికి విజయనగరం అమ్మమ్మగారింటికి వెళ్ళాలా వద్దా అని అడిగావు. వెళ్ళు. కానీ ఈ ఏడు భోగి పొద్దున బయల్దేరి కనుమ సాయంత్రానికి వచ్చెయ్. ముక్కనుమకి ఉండిపోకు, ఆ తర్వాత వారం పది రోజుల్లో జేఈఈ. ఆ మూడు రోజులూ పుస్తకం మాత్రం తీసుకెళ్ళకు. సంచిలో పెట్టుకుని వెళ్ళి, తెరవకుండా తిరిగి తెచ్చి, దానికి బాధపడటం మన పిల్లలకి అలవాటు. అక్కడ నీ పిన్ని కూతురు కనిపిస్తే టైమ్‌టేబుల్ మాట ఎత్తకండి ఇద్దరూ. జనవరిది సరిగ్గా రాయకపోయినా ఏప్రిల్‌లో రెండో విడత ఉంది, రెండింట్లో మెరుగైన స్కోరే ర్యాంకుకి తీసుకుంటారు. ఆ టెన్షన్ సగం అక్కడే దింపుకో. సెంటర్ వేరే ఊళ్ళో పడితే ముందురోజే వెళ్ళి ఉండు. పొగమంచులో ఘాటీ రోడ్డు మీద తెల్లవారుజాము బస్సుని నమ్ముకుని తొమ్మిదింటి పరీక్షకి వెళ్ళొద్దు.

చలికి వేళ్ళు కొంకర్లు పోయి రాత నెమ్మదించిందని కూడా రాశావు. ఆదివారం పేపరు అరుగు మీద ఎండలో రాయకు, అది మాత్రం నీడ పట్టున, చల్లటి గదిలో బల్ల మీద రాయి. పరీక్ష హాల్లో ఎండ ఉండదు. మొదలుపెట్టే ముందు రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని రెండు నిమిషాలు కూర్చుంటే వేళ్ళు వదులవుతాయి, నేను ఇప్పటికీ బోర్డు మీద రాసే ముందు అదే చేస్తాను.

ఇది రాస్తున్నది బుధవారం రాత్రి. రేపు లక్ష్మివారం, మీ అమ్మగారు ఎలాగూ చీకటితోనే లేపుతారు. శుక్రవారం నుంచి మొదలుపెట్టు.